ఎండకూ ఒక లెక్కుంది

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి గారు ఒక షరతు పెట్టారు. "చిన్ననాటి కబుర్లు మిగతావాళ్లు చెబుతారు. నువ్వు నీ పని గురించి చెప్పు" అన్నారు. నా పని చల్లదనం. ముప్పై ఏళ్లుగా కోల్డ్ స్టోరేజీలు, ఆస్పత్రులు, ఆఫీసు భవనాలు ఎంత కరెంటు తింటున్నాయో, ఎందుకు తింటున్నాయో చూడటం నా ఉద్యోగం. ఆ పని గురించి ఈరోజే చెప్పడానికి కారణం ఉంది. స్వర్ణోత్సవ కానుకగా మన బడి తరగతి గదులకు ఏసీలు పెట్టిద్దామని ఒక ప్రతిపాదన సంఘం ముందుకు వచ్చింది. మంచి మనసుతో వచ్చిన ఆలోచన అది. దానికి అడ్డు చెప్పడానికి నేను రాలేదు. అయితే ఏసీ కొనేది ఒక్కసారి, కరెంటు బిల్లు వచ్చేది ప్రతి నెలా. కొనేది మనం, కట్టేది బడి. కాబట్టి కొనేముందు చేయాల్సిన లెక్క ఒకటి ఉంది. అది ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా వచ్చే లెక్కే.

బిల్లు ఎక్కువ వస్తే మనం ఏమంటాం? "ఈసారి ఎండలు ఎక్కువండీ" అంటాం. నిజమే కావచ్చు. ఎంత ఎక్కువ? దానికి జవాబుండదు. నిన్న 44 డిగ్రీలని పేపర్లో చదువుతాం. అది ఒక రోజులో ఒక గంట సంగతి. బిల్లు నెల మొత్తానికి వస్తుంది. ఒక గంట ఎండను నెల బిల్లు పక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. నెల బిల్లుకు నెల ఎండే కావాలి.

పత్తి తీసేటప్పుడు మన ఊళ్లలో లెక్క ఎలా వేస్తారో అందరికీ తెలుసు. ఐదుగురు కూలీలు నాలుగు రోజులొస్తే ఇరవై కూలిరోజులు. ఎండకూ అదే పద్ధతి. ఇంట్లో చల్లదనం అవసరంలేని మట్టం ఒకటి పెట్టుకుంటాం. దానికంటే ఐదు డిగ్రీలు ఎక్కువగా నాలుగు రోజులుంటే ఇరవై డిగ్రీ రోజులు. ఇంజనీర్లు దీన్నే కూలింగ్ డిగ్రీ డేస్ అంటారు.

ఒక రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత 41, కనిష్ఠం 27 అనుకుందాం. రెండూ కలిపి సగం చేస్తే 34. మన మట్టం 24 అయితే ఆ రోజుకు 10 డిగ్రీ రోజులు. మర్నాడు సగటు 33 అయితే 9. డిసెంబరులో సగటు 23కి దిగితే సున్నా, అంతేగాని మైనస్ వేయకూడదు. ఇలా నెల పొడుగునా కూడితే ఆ నెల ఎండ మొత్తం ఒక్క అంకెలోకి వస్తుంది. పెద్దలు కార్తెలు పెట్టుకున్నదీ ఇలాంటి చూపుతోనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నప్పుడు వాళ్లు ఒక మధ్యాహ్నం గురించి చెప్పలేదు, పదమూడు పద్నాలుగు రోజుల ఎండను ఒక మూటగా చూశారు.

ఈ కూడిక భవనాల కోసం పుట్టలేదు, పంటల కోసం పుట్టింది. 1735లో రియోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మొక్క ఒక దశ నుంచి ఇంకో దశకు చేరడానికి ఇంత వేడి పోగుపడాలని, రోజువారీ ఉష్ణోగ్రతలు కూడి చూశాడు. 1878లో రిచర్డ్ స్ట్రాచీ అనే ఇంజనీరు ఒక మట్టానికి పైన, కింద ఉండే వేడిని లెక్కగట్టే సూత్రాలు రాశాడు. ఆయన మన దేశంలో బెంగాల్ ఇంజనీర్స్‌లోనూ, పబ్లిక్ వర్క్స్ శాఖలోనూ పనిచేసినవాడు. మన తాత ముత్తాతలు చెప్పుకున్న ధాత కరువు తర్వాత ప్రభుత్వం వేసిన కరువు కమిషన్‌కు అధ్యక్షుడు కూడా ఆయనే. ఇప్పటికీ పత్తి ఎప్పుడు పూతకొస్తుంది, కాయ ఎప్పుడు పగులుతుంది అని అంచనా వేయడానికి 15.5 డిగ్రీలకు పైన పోగుపడిన వేడిని లెక్కిస్తారు. పత్తిచేనుకు వాడే కూడికనే మేం మేడకు వాడుతున్నాం. మారేది మట్టం ఒక్కటే.

ఆ మట్టం దగ్గరే అసలు కిటుకు ఉంది. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. మిర్చి యార్డు దాటి ఏ రోడ్డున వెళ్లినా కిటికీల్లేని ఆ పెద్ద గోడలు కనిపిస్తాయి. ఎండుమిర్చిని ఆరేడు డిగ్రీల దగ్గర ఉంచితే రంగు నిలుస్తుంది, పురుగు పట్టదు, ధర వచ్చేదాకా రైతు ఆగగలడు. ఆ భవనానికి మట్టం 6 అనుకోండి, మీ ఇంటికి 24 అనుకోండి. డిసెంబరులో బయట సగటు 24 ఉంటే మీ ఇంటికి సున్నా, కోల్డ్ స్టోరేజీకి రోజుకు 18. మేలో సగటు 34 అయితే మీ ఇంటికి 10, దానికి 28. అంటే కోల్డ్ స్టోరేజీకి ఏడాది పొడుగునా ఎండాకాలమే. ఇంటికి మాత్రం నాలుగైదు నెలల్లో భారమంతా వచ్చి పడుతుంది.

ఇప్పుడు మే నెల సగటు ఒక్క డిగ్రీ పెరిగిందనుకుందాం. కోల్డ్ స్టోరేజీకి 28 కాస్తా 29 అవుతుంది. పెరుగుదల నాలుగు శాతం లోపే. మీ ఇంటికి 10 కాస్తా 11 అవుతుంది. అది పది శాతం. ఒక్క డిగ్రీయే గదా అని వార్తల్లో విని వదిలేస్తాం గానీ, ఇళ్లకు, ఆఫీసులకు, బడులకు ఆ ఒక్క డిగ్రీ దెబ్బ గట్టిగా తగులుతుంది.

మట్టం అంటే ఏసీ రిమోట్ మీద పెట్టుకునే అంకె అనుకోవద్దు. ఇంట్లో మనుషులు, ఫ్రిజ్, టీవీ, పొయ్యి, అన్నీ వేడి పుట్టిస్తాయి. శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రికి వదులుతుంది. అందుకని రిమోట్ మీద 26 పెట్టుకున్న ఇంటికి బయటి సగటు 23, 24 దాటగానే ఏసీ అవసరం పడవచ్చు. ఏ ఇంటి మట్టం ఎంతో తెలుసుకోవడానికి ఏడాది బిల్లులు చాలు. గ్రాఫు కాగితం మీద ఒకవైపు డిగ్రీ రోజులు, ఇంకోవైపు యూనిట్లు పెట్టి చుక్కలు వేయాలి. ఏ మట్టంతో వేస్తే చుక్కలు సరళరేఖకు దగ్గరగా వస్తాయో అదే ఆ ఇంటి మట్టం.

ఒక ఇంటి లెక్క చూద్దాం. అంకెలు అర్థం కావడానికి గుండ్రంగా తీసుకుంటున్నాను. డిసెంబరులో ఏసీ వేయలేదు, 150 యూనిట్లు వచ్చాయి. అది లైట్లు, ఫ్రిజ్, మోటారు ఖర్చు. ఏ నెలైనా అంతే. ఏప్రిల్‌లో 210 డిగ్రీ రోజులు, 570 యూనిట్లు. 150 తీసేస్తే ఏసీకి 420. అంటే డిగ్రీ రోజుకు రెండు యూనిట్లు. ఇది ఆ ఇంటి స్వభావం. మేలో 310 డిగ్రీ రోజులైతే 150కి 620 కలిపి 770 రావాలి. వచ్చింది అంతే.

ఆ తర్వాత డాబా మీద తెల్ల సున్నం కొట్టించారు. మరుసటి మే నెలలో 730 యూనిట్లు వచ్చాయి. "ఇంత ఖర్చుపెట్టి మిగిలింది నలభయ్యేనా" అని ఇంట్లో సణుగుడు. కానీ ఆ మేలో ఎండ ఎక్కువ, 340 డిగ్రీ రోజులు. పాత ఇల్లే అయితే 150కి 680 కలిపి 830 వచ్చేది. మిగిలింది 100 యూనిట్లు. అందులో అరవైని ఎక్కువైన ఎండ కప్పేసింది. ఈ లెక్క వేయకపోతే పనికొచ్చిన సున్నాన్ని దండగ అంటాం. చల్లటి ఏడాదిలో అయితే పనికిరాని యంత్రాన్ని కూడా బ్రహ్మాండం అంటాం.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, రూపాయలు పోల్చకూడదు, యూనిట్లు పోల్చాలి. స్లాబులు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి రూపాయలు ఎండకంటే వేగంగా పెరుగుతాయి. రెండోది, రీడింగ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తీశారో చూసి ఆ రోజుల డిగ్రీ రోజులే కూడాలి. ఒక బిల్లు 28 రోజులకు, ఇంకోటి 33 రోజులకు వస్తే ఆ ఐదు రోజులే లెక్కంతా తారుమారు చేస్తాయి.

ఇదంతా కాగితం మీది లెక్కేగా అనిపించవచ్చు. ఈ లెక్క ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టిన సంగతి చెబుతాను. ఊరు, పేరు అనవసరం. ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని నన్ను పిలిచారు. ముందటి ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే ఆ ఏప్రిల్ కరెంటు బాగా ఎక్కువొచ్చింది. ఆయన అనుమానమంతా రాత్రి షిఫ్టు ఆపరేటర్ మీద. "నిద్రపోతూ మిషన్లు ఊరికే తిప్పుతున్నాడండీ. ఈ నెలతో పంపించేస్తా" అన్నారు. ఆపరేటర్ ఏమో "ఎండలు మండిపోతున్నాయి సార్, నేనేం చేసేది" అన్నాడు.

నేను మూడు పుస్తకాలు అడిగాను. మీటరు రీడింగులు, రోజువారీ ఉష్ణోగ్రతలు, సరుకు రిజిస్టరు. కోల్డ్ స్టోరేజీలో సరుకు పుస్తకం తప్పనిసరి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కళ్లాల నుంచి వచ్చే టిక్కీలు వేడివేడిగా లోపలికి వెళతాయి. వాటిని చల్లబరచడానికి అయ్యే కరెంటు ఎండ ఖాతాలో వేయకూడదు. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తే తలుపులు తెరిచేదే తగ్గిపోతుంది. బయట మంట, లోపల పని తక్కువ. ఇవన్నీ విడదీస్తే గానీ ఎండ వాటా తేలదు.

విడదీశాం. రెండు ఏప్రిల్ నెలలకు ఎండలో పెద్ద తేడా లేదు. టిక్కీలూ ఇంచుమించు అన్నే. అంటే ఎండ అన్న ఆపరేటర్ మాటా నిలవలేదు. అప్పుడు నెలనెలా డిగ్రీ రోజుకు ఎన్ని యూనిట్లు పడ్డాయో వరసగా రాశాం. జనవరి నుంచి ప్రతి నెలా కొంచెం కొంచెం, మెట్లెక్కినట్టు పెరుగుతూ వచ్చింది. మనిషి బద్ధకం అలా క్రమం తప్పకుండా పెరగదు. అలా పెరిగేది కండెన్సర్ గొట్టాల మీద ఉప్పునీళ్ల వల్ల పేరుకునే పొర. ఆ పొర వల్ల అమ్మోనియా ద్రవంగా మారే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది. ఆపరేటర్ లాగ్‌బుక్ తెరిస్తే హెడ్ ప్రెషర్ ప్రతి గంటకూ రాసి ఉంది, అదీ జనవరి నుంచి మెల్లగా పైకి పోతూనే ఉంది. నిద్రపోతున్నాడన్న మనిషి రాత్రి రెండింటికి, మూడింటికి, నాలుగింటికి రాసిన అంకెలవి. గొట్టాలు శుభ్రం చేయించారు. యూనిట్లు దిగాయి. ఆ మనిషి అక్కడే పనిలో ఉన్నాడు.

అందుకే అంటున్నాను, ఎండ వాటా ఎంతో తేల్చకుండా ఎవరినీ తప్పుపట్టకూడదు. ఎండ వాటా ఎంతో తేల్చకుండా ఎండనూ తప్పుపట్టకూడదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. వాటినీ చెప్పాలి. ఒకటి ఉక్కపోత. రెంటచింతల ఎండ పొడి ఎండ. బాపట్ల, చీరాల వైపు అంకె తక్కువగా ఉన్నా గాలిలో తేమ ఎక్కువ. ఏసీ వెనక గొట్టంలోంచి బకెట్లోకి కారే నీళ్లు చూస్తాం గదా, అందులో ఒక లీటరు నీటిని గాలిలోంచి తీయడమంటే దాదాపు 0.7 యూనిట్ల వేడిని తీయడం. మంచి ఏసీకి దానికోసం సుమారు 0.2 యూనిట్ల కరెంటు పడుతుంది. డిగ్రీ రోజుల్లో ఇది కనిపించదు. అందుకని ఒంగోలు ఇంటిని మాచర్ల ఇంటితో పోల్చకూడదు. ఒంగోలు ఇంటిని ఒంగోలులోనే, దాని పాత బిల్లులతోనే పోల్చాలి. రెండోది, సగటు. పగలు మాత్రమే నడిచే భవనానికి రాత్రి చల్లదనాన్ని కలిపి సగటు తీస్తే భారం తక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడే మన బడి దగ్గరకొద్దాం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడి. ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. అంటే ఏడాదిలో పెద్ద ఎండంతా గదులకు తాళం వేసి ఉన్నప్పుడే పోతుంది. పిల్లలు లోపల కూర్చుని భరించే ఎండ మార్చి ఉదయాలు, జూన్ రెండో సగం, ఆ తర్వాత వానలు వెనక్కిపోయిన రోజుల ఉక్కపోత. ఏసీ ఎంత పెద్దది కావాలి, ఎన్ని రోజులు నడుస్తుంది అనేది మే నెల చూసి నిర్ణయిస్తే లెక్క తప్పుతుంది. బడి క్యాలెండరు పక్కన పెట్టుకుని, బడి నడిచిన రోజుల డిగ్రీ రోజులే కూడాలి.

ఇంకో విషయం. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. పిల్లలకు కాస్త తక్కువ. నలభై మంది ఉన్న తరగతిలో పిల్లల ఒంటి వేడే మూడు వేల వాట్లు దాటుతుంది. ఒక టన్ను ఏసీ తీసేది 3,500 వాట్లు. అంటే ఒక టన్ను ఏసీ ఇంచుమించు పిల్లలకే సరిపోయింది. శ్లాబు నుంచి, కిటికీల నుంచి వచ్చేదానికి ఇంకోటి కావాలి. పై అంతస్తు గదులకైతే శ్లాబు వాటాయే చాలా పెద్దది.

శ్లాబు వాటా తగ్గించవచ్చని మన దగ్గరే కొలిచి చూపించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి హైదరాబాద్ ప్రాంతపు ఏసీ భవనాల మీద తెల్లరంగు వేసి, ముందూ వెనకా మీటర్లు పెట్టి చూశారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లరంగు వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయినట్టు తేల్చారు. చల్లబరచడానికి అయ్యే కరెంటులో అది 10 నుంచి 19 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. మన బడి ఏడాదంతా ఏసీ నడిచే ఆఫీసు కాదు కాబట్టి మనకు అన్ని యూనిట్లు మిగలవు. కానీ ఏసీ లేని గదిలో కూడా ఆ సున్నం పనిచేస్తుంది. దానికి నెలనెలా బిల్లు రాదు.

ఏసీ లేని గది అన్నాను. కరెంటు లెక్కల్లో పెద్ద లోటు అదే. ఏసీ ఉన్న ఇంటి ఎండ బిల్లులో కనిపిస్తుంది. యార్డులో టిక్కీలు మోసే ముఠా కార్మికుల ఎండ, మిరపకాయలు కోసే ఆడవాళ్ల ఎండ ఏ బిల్లులోనూ ఉండదు. 2015 మే వడగాడ్పుల్లో మన రాష్ట్రంలోనే వేయిమందికి పైగా చనిపోయారు. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ ప్రకారం 2037-38 నాటికి దేశంలో చల్లదనం అవసరం 2017-18తో పోలిస్తే సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. ఆ ఎనిమిది రెట్లూ కొనగలవాళ్లకే పోతే, మిగతావాళ్లకు మిగిలేది డిగ్రీ రోజులే. మన బడిలో చదివేది ఎక్కువమంది వాళ్ల పిల్లలే. వాళ్ల గది చల్లబడాలి. పది గదులు చల్లబరిచి పదిహేను గదులు వదిలేసే పద్ధతి కంటే అందరికీ కొంత చల్లదనం ముందు అందేలా చూడటం మన సంఘానికి గౌరవం.

అందుకని నా విన్నపం ఇది. కానుక నిధిలోంచి ముందుగా చిన్న మొత్తం తీసి మూడు పనులు చేద్దాం. మొదటిది, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు ఒకటి నీడలో పెట్టించి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత ఎండ పుస్తకం రాయిద్దాం. పక్క గడిలో రోజూ కరెంటు మీటరు రీడింగ్. లెక్కల మాస్టారు గారికి గ్రాఫులు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. రెండోది, ఒక బ్లాకు డాబా మీద తెల్లరంగు వేయించి, ఇంకో బ్లాకును అలాగే ఉంచి, రెండింటి పై అంతస్తు గదుల్లో మధ్యాహ్నం ఒకే వేళకు ఉష్ణోగ్రత రాయిద్దాం. తేడా పిల్లలే చెబుతారు. మూడోది, ఒక ఏడాది పుస్తకం చేతికొచ్చాక ఏ గదులకు ఏసీ నిజంగా కావాలో, ఎన్ని టన్నులో, ఏడాదికి ఎన్ని యూనిట్లో లెక్కవేసి, ఏసీలతో పాటు వాటి బిల్లుకు కూడా నిధి పెట్టి ఇద్దాం. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న కొత్త గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతున్నాయి. ఫ్యాను తిరుగుతుంటే 26 పెట్టుకున్నా పిల్లలకు సుఖంగానే ఉంటుంది.

ఏడాది ఆలస్యమవుతుందని కొందరు మిత్రులకు అసంతృప్తి ఉండవచ్చు. తెల్లరంగు మాత్రం ఈ సంక్రాంతి సెలవుల్లోనే వేయించవచ్చు. ఆ పనికి ఖర్చయ్యే రంగు మా బ్యాచ్ ఇస్తుంది. థర్మామీటరు నేను తెచ్చాను, కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. ప్రధానోపాధ్యాయులు గారు ఎక్కడ పెట్టాలో చూపిస్తే ఈ సాయంత్రమే బిగిస్తాను.